గడ్డి మోకాలెత్తు లేచింది

జనవరి 8, 2023, ఆదివారం

గిరి వెళ్లిపోయాడు. పొద్దున నల్గొండలో మహబూబ్‌నగర్ బస్సెక్కాడు, అక్కణ్ణుంచి కొత్తకోట. ఊరి బయట వాళ్ల పెద్దబాపు, మా దుర్గయ్య మామ గొర్రెల మందతో సిద్ధంగా ఉన్నాడట. అక్కణ్ణుంచి మేపుకుంటూ మిర్యాలగూడ కాల్వల దాకా నడక.

నిన్నటి మాటలు మళ్లీ మళ్లీ చెవిలో తిరుగుతున్నాయి. రాసేస్తే వదులుతాయేమో.

"ఒక్క ఎండాకాలం సుస్మితా. పెద్దబాపుకు మోకాళ్లు వంగుతలేవు. జీతగాడు ఎల్లిపోయిండు. బాపు పోయినంక నన్ను సాదింది గాయినే. నేను గాక ఇంకెవలు పోతరు?"

"పోతె మళ్లొస్తవా? పార్సిళ్లు పంచుడు కంటే గొర్ల ఎనక నడిస్తెనే ఊపిరాడుతదని నువ్వే అంటివి గద."

"నువ్వు రా అన్ననాడు వస్త."

"నేననను."

"అనకుంటె రాను."

"ఫోన్ గూడ చెయ్యకు."

"చెయ్య."

వాడు మాట మీద నిలబడే రకం. నేను ఇంకా మొండిదాన్ని. ఇద్దరిలో ఒక్కరికైనా కాస్త బుద్ధి ఉండాల్సింది.

పొద్దున వాడు సంచి కడుతుంటే ఫోన్ లాక్కుని మా ఆఫీసు సైట్ తెరిచాను. నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగితే నేనే "అలౌ" నొక్కాను.

"ఏందది?"

"కాపరి కబురు. టీకాలు ఎక్కడ వేస్తున్రు, వాన ఎటు పడుతాంది, మేత ఎక్కడున్నదీ అన్నీ వస్తయి. మామకు పనికొస్తది."

"నన్నడగవా?"

"అడిగితె వద్దంటవు."

వాడు నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేవాడు.

జనవరి 9

ఇద్దరికి వండాను. అలవాటులో.

జనవరి 19

ఈరోజు ఆఫీసులో మొత్తం వ్యవస్థను సరిచూశాను. అందరికీ పంపేముందు ఒకరికి పంపి చూడటం పద్ధతి. ఒకరంటే ఎవరో ఒకరు. గిరిది ఎంచుకున్నాను, అలౌ నొక్కిన చందాల్లో నాకు తెలిసినది అదొక్కటే కాబట్టి.

"టెస్ట్. నల్లా వచ్చింది."

వెళ్లింది.

నిజంగానే నల్లా నీళ్లు వచ్చాయి మరి. అబద్ధం రాయలేదు.

జనవరి 27

నేను పంపేది ఎలా వెళ్తుందో చెప్పమని గ్లోరీ కూర్చుంది. ఊళ్లకు ఫోన్లు చేసి పశువుల డాక్టర్లనూ రైతులనూ అడిగి కబుర్లు తెచ్చేది ఆ పిల్ల, వాటిని ఫోన్లకు పంపేది నేను. ఇక్కడి ఆఫీసంతా కలిపి మేమిద్దరమే. మిగతా అందరూ హైదరాబాద్‌లో.

చెప్పాను. మన సర్వర్‌కు నేరుగా బయటికి దారి లేదు. మధ్యలో ప్రాక్సీ అని ఇంకో మిషన్ ఉంటుంది. డిగ్రీలో మా హాస్టల్ వార్డెన్ లాంటిది. మనం చీటీ ఆమె చేతికిస్తే ఆమె గేటు దాటిస్తుంది. చీటీ అంటించి ఉంటుంది, లోపల ఏముందో ఆమె చదవలేదు. ఆమె దాన్ని బ్రౌజర్ కంపెనీ వాళ్లకు ఇస్తుంది. వాళ్లు "తీసుకున్నాం" అని ఒక అంకె పంపుతారు, రెండువందల ఒకటి. ఫోన్ ఆన్ అయి, సిగ్నల్ దొరికినప్పుడు వాళ్లు ఫోన్‌కు అందిస్తారు. నెల దాకా దాచిపెడతారు.

"మరి ఆ మనిషి సూసిండని ఎట్ల తెలుస్తది అక్కా?"

"తెలవదు."

"అసలు తెలవదా?"

"వద్దనుకొని బంద్ పెడితె తెలుస్తది. ఇక్కడ ఎవరూ లేరని వేరే అంకె వస్తది. నాలుగువందల పది."

గ్లోరీ నా మొహం చూసి తన ఫోన్ నంబర్ల జాబితా ముందుకు లాక్కుంది. గడుసుది.

ఫిబ్రవరి 3

"టెస్ట్. నీ ఎర్ర తువ్వాల ఉతికాను." వెళ్లింది.

ఫిబ్రవరి 4

ఇలా రోజూ చేయకూడదు. వారానికి ఒకటి చాలు, సర్వర్ పనిచేస్తోందో లేదో తెలియడానికి.

ఫిబ్రవరి 5

"టెస్ట్. పల్లీ చట్నీ మాడింది." వెళ్లింది.

ఫిబ్రవరి 18, శివరాత్రి

ఇంటి ఓనరు గుర్వమ్మ ఉపవాసం పండ్లు తెచ్చిచ్చింది. "మీ ఆయన ఎప్పుడొస్తడు బిడ్డా?" అంది. "ఎండాకాలం కాంగనే అత్తా" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో. ఆమె వెళ్లాక తలుపు వేసుకుని ఏడ్చాను. ద్రాక్షపండ్లు పుల్లగా ఉన్నాయి.

వాడి చందా బతికే ఉంది. బంద్ పెట్టాలనుకుంటే ఒక్క నొక్కు చాలు, పెట్టలేదు. అంటే చూస్తున్నాడనేగా. ఏ చెలక గట్టునో కూర్చుని, తువ్వాలతో చెమట తుడుచుకుని, ఫోన్ టింగ్ అనగానే తీసి చూస్తున్నాడనేగా. నవ్వుకుంటున్నాడు కూడా. నాకు తెలుసు.

మార్చి 6

టెస్ట్ పంపాను. వెళ్లలేదు.

మార్చి 7

మళ్లీ పంపాను. నాలుగువందల ఏడు. ఇది గిరి అంకె కాదు, ప్రాక్సీ అంకె. నువ్వెవరు, నీ గుర్తు చూపించు అంటోంది. మూడేళ్లుగా రోజూ చూస్తున్న వార్డెన్ ఉన్నట్టుండి కళ్లజోడు సర్దుకుని పేరడిగినట్టు.

హైదరాబాద్‌లో ప్రాక్సీ చూసే శివకృష్ణకు ఫోన్ చేశాను.

"పాస్‌వర్డ్ మార్చినం మేడం. మెయిల్ పెట్టిన గద."

"ఎవలికి పెట్టినవ్?"

"అందరికి... ఆగండి. నల్గొండ ఇడిసిపెట్టినట్టున్న."

ఎప్పుడూ ఇడిసిపెట్టేది నల్గొండనే. నోటికొచ్చినట్టు తిట్టాను. గొర్రెలకు గాలికుంటు టీకాల కబురు రెండు రోజులుగా ఇక్కడే ఇరుక్కుని ఉంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే అన్నీ గేటు దాటాయి.

తిట్లు తగ్గాక శివకృష్ణ మెల్లగా అన్నాడు, "ఒకమాట మేడం. ఆదివారాలు గూడ మీ సర్వర్‌కెల్లి ఒకటి బయటికి పోతాంది. ఒక్కటే. ఏందది?"

"టెస్టు."

"ఆదివారమా?"

"కాపర్లకు ఆదివారం ఉంటదా?"

సరే మేడం అని ఫోన్ పెట్టేశాడు. లోపల ఏముందో ప్రాక్సీకి కనిపించదు. ఆ పద్ధతి పెట్టినవాళ్లు చల్లగా ఉండాలి.

మార్చి 22, ఉగాది

పచ్చడి చేశాను. బెల్లం ఎక్కువైంది. తినేవాళ్లు లేరు. గుర్వమ్మకు ఇచ్చాను.

"టెస్ట్. బెల్లం ఎక్కువైంది." వెళ్లింది.

ఏప్రిల్ 2

వాడి నంబర్‌కు ఫోన్ చేయాలని మూడుసార్లు అనుకున్నాను. చేయలేదు. చేయకు అన్నది నేను. నేనే చేస్తే ఇంక నా మాటకు విలువేముంది? నేను నోటిఫికేషన్లు పంపుతున్నాను, అది ఆఫీసు పని. అది వేరు.

ఏప్రిల్ 14

డిగ్రీ చదివేటప్పుడు మహబూబ్‌నగర్ బస్టాండులో వాడు నా బ్యాగు పట్టుకుని నిలబడ్డ ఫోటో దొరికింది. అప్పుడు కూడా గొర్రెల వాసన వస్తోందని అందరి ముందూ వెక్కిరించాను. వాడు "నీకెల్లి గూడ వస్తాంది, మీ ఇంట్ల లేవా?" అన్నాడు. ఉన్నాయి. మా ఇంట్లోనూ ఉన్నాయి. వాటి వెనక నడవకూడదనే నేను కంప్యూటర్ చదివాను. వాటి వెనక నడిచేవాడినే చేసుకున్నాను.

ఏప్రిల్ 25

శివకృష్ణ ఫోన్. మే ముప్పై ఒకటిన ఈ సర్వర్, ఈ ప్రాక్సీ అన్నీ మూసేస్తారట. సైట్ పేరు కూడా మారుతుంది. కొత్త చోటు నుంచి పంపాలి.

"మంచిదే గద మేడం. ప్రాక్సీ బాధ ఉండదు ఇగ."

"మరి ఇప్పుడున్న చందాలు?"

"గవి పాత పేరుకు కట్టి ఉంటయి. చెల్లవు. ప్రతి ఒక్కరు కొత్త సైట్ తెరిచి మళ్ల అలౌ నొక్కాలె."

కాపర్లందరికీ గ్లోరీ ఫోన్ చేసి చెప్తుంది. గిరి నంబర్ ఆ జాబితాలో లేదు, వాడికి ఎవరు చెప్తారు?

ముప్పై ఒకటి తర్వాత వాడికి నా నుంచి ఏమీ వెళ్లదు. వాడు నొక్కితే తప్ప. వాడెందుకు నొక్కుతాడు? మొదటిసారి కూడా నొక్కింది నేనేగా.

ఏప్రిల్ 26

భయంగా ఉంది.

ఏప్రిల్ 30

కాలం కాని కాలంలో వానలు. నాలుగు రోజులుగా రోజూ సాయంత్రం ఉరుములు. కల్లాల మీద వడ్లు తడిసి రైతులు మొత్తుకుంటున్నారు. పిడుగుల హెచ్చరిక అందరికీ పంపాము. గిరికి కూడా అందరితో పాటే వెళ్లింది. పేరుపేరునా పంపినట్టు అనిపించింది.

మే 6, శనివారం

మా గది వెనక ఖాళీ ప్లాటులో గడ్డి లేచింది. ఈ వానలకు పచ్చగా, మెత్తగా. కిటికీ తెరిస్తే తడి వాసన. గిరి ఉంటే చెప్పుల్లేకుండా అందులో నిలబడేవాడు. పట్నం వచ్చిన కొత్తలో ఒకసారి అలాగే నిలబడ్డాడు, పళ్లు తోముకుంటూ. గుర్వమ్మ వింతగా చూసింది.

ఆఫీసుకు వెళ్లి రాశాను:

"గడ్డి మోకాలెత్తు లేచింది."

పంపలేదు. ఇంకా ఏదో రాయాలి. గ్లోరీ భోజనానికి వెళ్లింది. "రా" అని రాశాను. తీసేశాను. మళ్లీ రాశాను. తీసేశాను. ఇంకో రెండు నెలలు ఉంటే ఇంకోసారి చూసుకోవచ్చు అనుకునేదాన్ని. అంత కూడా లేదు. ఇది నేను అంటున్నట్టు కాదు, ఆఫీసు నుంచి వెళ్తుంది. పైన "కాపరి కబురు" అని ఉంటుంది. నేను రా అనలేదు.

"గడ్డి మోకాలెత్తు లేచింది. నల్గొండకు రా."

ఈసారి టెస్ట్ అని పెట్టడం మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకుంటున్నాను.

వెళ్లింది.

మే 7

ఏమీ లేదు.

మే 10

ఏమీ లేదు. ఉంటుందని ఎవరన్నారు?

మే 16, మంగళవారం

ఆఫీసు ఫోన్ మోగింది. తెర మీద గిరి నంబర్. నాకు కంఠతా వచ్చిన నంబర్. గ్లోరీ చెయ్యి చాపేలోగా నేనే ఎత్తాను.

"ఆలో! కాపరి కబురేనా?"

దుర్గయ్య మామ.

ఏం చేయాలో తెలియలేదు. టీవీలో వార్తలు చదివేవాళ్ల గొంతు పెట్టాను. "అవునండి. చెప్పండి."

"గడ్డి మోకాలెత్తున్నది రమ్మన్నరు గద మీరు. మిర్యాలగూడకెల్లి తోలుకొచ్చినం. తిప్పర్తి దాటినం. ఇగ ఏ దిక్కు రావాలె చెప్పున్రి."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మంద... మొత్తం వస్తోందా అండి?"

"మరి సగం వస్తదా?"

"ఈ ఫోన్... ఇది మీదేనా అండి?"

"మా పోరనిది. మేత, నీళ్లు సెప్పే ఫోను గదా, మంద కాడ ఉండాలెనని మొదటి వారమే నాకిచ్చిండు. నా బటన్ ఫోను వాడు వట్కపోయిండు, ముందుగాల పోయి చేన్లు మాట్లాడొస్తడు. నాకు సదువు రాదు. ఎవలో ఒకలు సదివి చెప్తరు. జర తొందరగ చెప్పు తల్లీ, ఎండ మండుతాంది."

గ్లోరీకి ఫోన్ ఇచ్చేశాను. పాపం ఆ పిల్ల ఏమీ తెలియకుండానే వాళ్ల నాయిన సోమన్నకు ఫోన్ కలిపి, కట్టంగూర్‌లో వాళ్ల పొలం కోత అయిపోయిందనీ, మంద పెడితే ఎరువు వస్తుందనీ మాట్లాడి పెట్టింది. తాతా, కట్టంగూర్ రాండ్రి, మా నాయిన రోడ్డు మీద నిలబడతడు అని చెప్పింది.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "అక్కా, గడ్డి కబురు నేను తేలే. ఎవలు పంపిన్రు?"

చెప్పాను. అంతా చెప్పాను, తువ్వాల, పల్లీ చట్నీతో సహా. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, వెళ్లి రెండు చాయ్‌లు తెచ్చింది.

మే 17

వాడు ఒక్కటి కూడా చదవలేదు.

నాలుగు నెలలు. వాడి ఎర్ర తువ్వాల, నా మాడిన చట్నీ, నా ఉగాది బెల్లం, అన్నీ ఎవరెవరు చదివారో? హాలియా చాయ్ దుకాణంవాడా? ఏ ఊరి బడి పంతులా? పైకి గట్టిగా చదివి, "ఇదేం కబురు తాతా, నల్లా వచ్చిందట" అని నవ్వి ఉంటారు. ముసలాయన ఏమనుకుని ఉంటాడు?

అదీ కాదు నా బాధ. ఎవరు నవ్వితే నాకేం. ఫోన్ టింగ్ అనగానే వాడు తీసి చూస్తాడనుకుని బతికాను. బటన్ ఫోన్‌లో టింగ్ ఏముంటుంది? వాడికి తెలియనే తెలియదు. నేను రా అన్నానని వాడికి తెలియదు. నేను అనలేదనే అనుకుంటూ ఉంటాడు, ఇప్పటికీ.

వెళ్లింది, వెళ్లింది అని ఈ పుస్తకం నిండా రాసుకున్నాను.

మే 18

దానిపైన మంద. పచ్చటి మేత వదిలేసి నా మాట పట్టుకుని ఎండలో నడిచొస్తోంది. రెండు వందల గజాల ప్లాటు కోసం.

పోకపోతే? గ్లోరీ చూసుకుంటుంది. ఆఫీసు తప్పు అంటుంది. పంపింది నేనని వాళ్లకు తెలియదు.

పోవాలి. జీవాలను నడిపించింది నేను.

మే 21, ఆదివారం

కట్టంగూర్ వెళ్లి వచ్చాను. అంతా వరసగా రాస్తాను, ఒక్క మాట పోకుండా.

గ్లోరీ, నేను మధ్యాహ్నం బస్సులో దిగాము. హైవే దాటి నిమ్మతోటల పక్కనుంచి నడిస్తే దూరం నుంచే మంద చప్పుడు. ఆ వాసన తగలగానే కాళ్లు వాటంతటవే తొందరపడ్డాయి. చిన్నప్పటి నుంచి ఈ వాసన నుంచి పారిపోతూనే ఉన్నాను.

దుర్గయ్య మామ గట్టు మీద, గొంగడి మడిచి దాని మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, మోకాలు పట్టేసింది.

"కోడలా! నువ్వేంది ఈడ? గీ ఆఫీసుల నువ్వే ఉన్నవా?"

"అవు మామా."

"మరి ఫోన్ల అండీ అండీ అన్నది ఎవలు?"

"నేనే తాతా" అంది గ్లోరీ, రెప్ప వేయకుండా. ఆ పిల్లకు జన్మంతా రుణపడి ఉంటాను.

దాచడం నా వల్ల కాలేదు. "మామా, గడ్డి కబురు పంపింది నేనే. గడ్డి మా గది ఎనక ప్లాట్ల ఉన్నది. నాలుగు గొర్లు గూడ నిండవు. నన్ను తిట్టు."

ఆయన నన్ను చూశాడు. మందను చూశాడు. గొంగడి అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కోపమనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు.

"నాలుగు గొర్ల గడ్డికి ఇంత మంద తోలిచ్చిండు గదనే వాడు!"

"ఎవలు మామా?"

"ఇంకెవలు? గిరిగాడు. నేను కాల్వ మీదనే ఉందామన్న. మేతున్నది, నీళ్లున్నయి. వాడు ఇంటెనా? 'పెద్దబాపూ, ఆఫీసోళ్లు రమ్మంటున్రు, పోవాలె' అనుకుంట రెండు దినాలు బువ్వ సుత సక్కగ తినలే. ఇగ సరే పా అన్న."

"గిరి... సదివిండా?"

"వాడే గద సదివేది. ఫోన్ నా కాడ ఉన్నా పొద్దూకితె వాడొచ్చి సూస్తడు. వాడు వచ్చేదాక ఒక్కలకు గూడ చూపియ్యద్దని నాకు ఒట్టువెట్టిండు. మీ ఆఫీసోళ్లకు 'ఎవలో ఒకలు సదివి చెప్తరు' అన్న గని, గది వట్టిదే."

"అన్ని సదివేదా మామా?"

"టీకాలు, వానలు అన్ని సదివి చెప్పేది. నడుమ నడుమ ఏదో వస్తె ఊకె సూసుకుంట కూసునేది. ఏందిరా అంటె 'ఏం లేదు పెద్దబాపూ, టెస్టంట' అనేది. టెస్టంటె ఏందిరా? 'నల్లా వస్తాందా లేదా సూసుకుంటున్రు' అనేది. నాకేమెర్క?"

నేను గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. గ్లోరీ నిమ్మతోట చూసొస్తానని వెళ్లింది. వాళ్ల తోట అది, పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

పొద్దు వాలేవేళకు గిరి వచ్చాడు. నకిరేకల్ వైపు చేన్లు మాట్లాడటానికి వెళ్లాడట. సన్నబడ్డాడు. నల్లబడ్డాడు. చొక్కా జేబులో మామ బటన్ ఫోన్. నన్ను చూసి ఆగాడు. మామ లేచి, మోకాలు పట్టుకుని, తప్పిపోని గొర్రెను వెతకడానికి వెళ్లాడు.

"వచ్చినవా" అన్నాడు.

"నువ్వు గద వచ్చింది."

"రమ్మన్నవు గద."

"ఆఫీసు రమ్మన్నది."

"గట్లనా."

ఇద్దరం మందను చూస్తూ నిలబడ్డాము. ఇంకాసేపు అలాగే ఉంటే మళ్లీ పాత మొండితనమే గెలిచేది. వాడే అన్నాడు, "నా తువ్వాల ఉతికినవంట."

ఏడుపు ఆగలేదు. వాడి ముందు ఏడవకూడదని ఎన్నిసార్లు అనుకున్నానో. చెంగు అడ్డం పెట్టుకుని అడిగాను, "అన్ని సదివి, ఒక్క మాటన్న ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? గది వచ్చుడే గని పోవుడు లేదు గద. కింద రాయనీకె జాగ లేదు. నొక్కితె మీ ఆఫీసు తెరుసుకుంటది. ఫోన్ చెయ్యద్దంటివి. గందుకే గొర్లను తోలుకొచ్చిన."

మూడేళ్లుగా పంపుతున్నాను, వేలమందికి. తిరిగి చెప్పడానికి వాళ్లకు దారి పెట్టాలని ఒక్కసారి కూడా తోచలేదు.

మామ గొంగడి మీద వదిలివెళ్లిన ఫోన్ తీసుకుని కొత్త సైట్ తెరిచాను. నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగింది. వేలు అలవాటుగా ముందుకు పోయింది. వెనక్కి తీసుకుని, ఫోన్ వాడి వైపు చాపాను.

"పాతది ఈ బుధవారం గాక వచ్చే బుధవారం మూసేస్తరు. మళ్ల నొక్కాలె. నీ ఇష్టం."

"గీసారి అడుగుతున్నవా?"

"అడుగుతున్న."

చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. కొత్త తువ్వాల, పచ్చది. నొక్కాడు. ఫోన్ తిరిగివ్వకుండా కాసేపు దాన్నే చూశాడు.

"గీసారి పంపితె పేరు వెట్టు సుస్మితా. పైన కాపరి కబురు అని ఉంటది, కింద ఎవలుండరు. నువ్వే అని నాకు నేనే అనుకునుడు, కాదేమో అని మళ్ల భయపడుడు. నాతోని కాదు ఇగ. పెద్దబాపు ముంగట సదవాల్నన్నా సదువుత."

వాడు కూడా భయపడ్డాడట. నేనొక్కదాన్నే అనుకున్నాను.

వాడు ఇప్పుడు రాలేడు. మామను, మందను వదిలి రాలేడు. జూన్‌లో మృగశిర కార్తెకు మంద ఇంటిదారి పట్టాలి, అప్పటి దాకా ఇక్కడిక్కడే తిప్పుతారు. ఆ తర్వాత సంగతి వాడూ అడగలేదు, నేనూ అడగలేదు. సోమన్న నిమ్మకాయలు సంచి నిండా ఇచ్చాడు. గిరి బస్సు దాకా వచ్చి, బస్సు కదిలే దాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

చేతులకు ఇంకా మంద వాసన. కడుక్కోలేదు.

మే 22

ఈరోజంతా కొత్త సైట్‌లో ఒక పని చేశాను. ప్రతి కబురు కింద "తిరిగి చెప్పండి" అని ఒక బటన్. శివకృష్ణ ఎందుకు మేడం అన్నాడు. కాపర్లు అడిగారన్నాను. ఒక కాపరి.

మే 30

కిటికీ వెనక ప్లాటు ఓనరు వచ్చి చూసి వెళ్లాడు. గడ్డి పీకిస్తాడట, వచ్చే వారం. నేనే కోసుకుంటానని చెప్పాను. కొడవలి గుర్వమ్మ దగ్గర ఉంది.

మే 31, బుధవారం

సాయంత్రం పాత సర్వర్ ఆపేశారు. ప్రాక్సీ కూడా. వార్డెన్‌కు దండం పెట్టాను మనసులో. పాపం, ఏ చీటీ విప్పి చూడలేదు.

కొత్తదాంట్లోంచి మొదటి కబురు పంపడానికి కూర్చున్నాను. పైన కాపరి కబురు అని లేకుండా తీసేశాను. ఒక్కరికే. గ్లోరీ నా వెనకే నిలబడి చదువుతోందని తెలుసు. చదవనీ. అక్కడ మామ ముందు గట్టిగా చదవబోతున్నాడుగా ఎలాగూ.

"ఆదివారం నేనే వస్తున్న. గడ్డి కోసుకొస్త, మామకు చెప్పు. సుస్మిత."

టెస్ట్ కాదు. వెళ్లింది.